నాలుగు రోడ్ల కూడలికి మాయాబజార్ రావాలి

లడ్డూ పళ్లెంలోంచి తనంతట తనే లేస్తుంది. గాల్లో ఒక్క క్షణం తూగి, దారి తెలిసినట్టు వెళ్లి ఘటోత్కచుడి నోట్లో పడుతుంది. దాని వెనకే ఇంకొకటి, ఆ వెనక మరొకటి. ముందు వరసలో పిల్లలు లేచి నిలబడిపోతారు. కూర్చోమని గదమాయించాల్సిన తాతయ్యలు అప్పటికే లేచి ఉంటారు. వెలుగు ఒక పక్కగా పడితే సన్నటి తీగ తళుక్కుమంటుంది. చూసినవాళ్లు పక్కవాళ్లను మోచేత్తో పొడిచి చూపిస్తారు, మళ్లీ నోరు తెరుచుకుని లడ్డూ వంకే చూస్తారు. సురభి వాళ్ల ‘మాయాబజార్’ నాటకంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే. ఇవే లడ్డూలను 1957లో మార్కస్ బార్ట్‌లీ కెమెరా కూడా ఎగరేసింది. ఆ పనితనానికి దణ్ణం పెట్టాల్సిందే. కానీ తెర మీద ఆ మాయ ఎప్పుడో జరిగిపోయింది, ఇక ఎన్నిసార్లు చూసినా లడ్డూ గురి తప్పదు. నాటకంలో ఈ పూట తప్పొచ్చు. పక్కన నిలబడి తీగ లాగే మనిషి చెయ్యి కాస్త వణికితే ఘటోత్కచుడి ముక్కుకే తగలొచ్చు. పిల్లలు ఊపిరి బిగబట్టేది అందుకే.

జర్మనీలో క్రిస్మస్ వచ్చిందంటే ఊరూరా ఒపేరా కంపెనీలు ‘హాన్సెల్, గ్రెటెల్’ ఆడతాయి. అడవిలో దారి తప్పిన అన్నాచెల్లెళ్లు, మిఠాయిలతో కట్టిన ఇల్లు, పిల్లల్ని తినే మంత్రగత్తె. మన పేదరాశి పెద్దమ్మ చెప్పినా ఇలాగే చెబుతుంది. హుంపర్‌డింక్ అనే సంగీతకారుడు, ఇంట్లో పిల్లల కోసం చెల్లెలు రాసుకున్న పాటలకు వరసలు కట్టబోయి, చివరికి దాన్ని పూర్తి ఒపేరాగా పెంచాడు. మొదటి ప్రదర్శన 1893లో, వైమార్‌లో. దానికి ఎనిమిదేళ్ల ముందే, 1885లో, కడప జిల్లా పల్లెలో తోలుబొమ్మలాడించుకునే కుటుంబం ఒకటి బొమ్మల్ని పక్కన పెట్టి, తానే ముఖానికి రంగు పూసుకుంది. మాయల కథను పాటతో, పద్యంతో చెప్పి ఇంటిల్లిపాదినీ ఒకే చాప మీద కూర్చోబెట్టే సొంత కంపెనీ తెలుగువాళ్లకు అప్పటి నుంచీ ఉంది. ఆ సురభి డేరా హనుమాన్ జంక్షన్‌లాంటి ఊళ్లలో మళ్లీ పడాలన్నది నా వాదన. ఇక్కడే ఎందుకంటే, ముందు మాంత్రికుడి సొంతూరు సంగతి చెప్పాలి.

మాంత్రికుడిది నూజివీడే

జంక్షన్ ఎరగనివాళ్లకు రెండు మాటలు. విజయవాడ నుంచి ఏలూరు పోయే జాతీయ రహదారి మీద, అటు నూజివీడు రోడ్డూ ఇటు గుడివాడ రోడ్డూ వచ్చి కలిసే చోటు ఇది. కూడలిలో అభయాంజనేయస్వామి గుడి. ఊరికి పేరు ఆయన వల్లే వచ్చింది. రైల్లో వచ్చినవాళ్లు నూజివీడు స్టేషన్ అని బోర్డు చూసి దిగితే దిగేది ఇక్కడే, నూజివీడు ఊళ్లోకి మళ్లీ బస్సెక్కి పోవాల్సిందే. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాలోకి వెళ్లింది, జంక్షన్ కృష్ణాలో ఉండిపోయింది. స్టేషన్ పేరు ఒక జిల్లాది, స్టేషన్ ఇంకో జిల్లాది. 2001లో ఈ ఊరి పేరుతో ఒక సినిమా కూడా వచ్చింది గానీ, సినిమాతోనూ నాటకంతోనూ ఈ చుట్టుపక్కల ఊళ్లకున్న చుట్టరికం అంతకన్నా చాలా పాతది.

‘పాతాళభైరవి’నే చూడండి. 1951లో వచ్చిన ఆ సినిమాలో నేపాళ మాంత్రికుడు ఎస్.వి. రంగారావు 1918లో పుట్టింది నూజివీడులో. తోటరాముడు ఎన్.టి. రామారావుది పామర్రు వైపు నిమ్మకూరు. సంగీతం ఇచ్చిన ఘంటసాల గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టాడు. మాటలూ పాటలూ రాసిన పింగళి నాగేంద్రరావు బందరులో పెరిగినవాడు, డి.వి. సుబ్బారావు నడిపిన ఇండియన్ డ్రమెటిక్ కంపెనీకి నాటకాలు రాసి చెయ్యి తిరిగినవాడు. ఆంజనేయుడి గుడి ముందు నిలబడి ఏ రోడ్డు పట్టుకున్నా, ఒక పూటలో వీళ్ల ఊళ్లన్నీ చుట్టి రావొచ్చు. ఆరేళ్ల తర్వాత వచ్చిన ‘మాయాబజార్’కూ ఈ నలుగురూ పనిచేశారు. రంగారావు మాంత్రికుడి గడ్డం తీసేసి ఘటోత్కచుడి గద పట్టుకున్నాడు. దర్శకుడు కె.వి. రెడ్డి ఒక్కడే తాడిపత్రివాడు. సురభి కూడా ఆ సీమ నుంచే వచ్చింది కాబట్టి లెక్క సరిపోయిందనుకోవాలి.

వీళ్లంతా సినిమాలోకి పోకముందు ఈ నేల మీద నాటకం ఎంత బలంగా ఉండేదో ఇప్పటివాళ్లకు నమ్మబుద్ధి కాదు. పడమటి వైపు మైలవరంలో జమీందారు పోషణలో బాలభారతీ నాటక సమాజం నడిచింది. అందులో యడవల్లి సూర్యనారాయణ వేషానికీ, పాపట్ల కాంతయ్య కట్టిన వరసలకూ జనం ఊళ్లు దాటి వచ్చేవాళ్లు. తూర్పున ఏలూరులో న్యాయవాది బందా కనకలింగేశ్వరరావు ప్రభాత్ థియేటర్ పెట్టి, తానే కృష్ణుడి వేషం కట్టాడు. దక్షిణాన గుడివాడ పక్క పల్లె నుంచి అక్కినేని నాగేశ్వరరావు చీర కట్టుకుని ఆడవేషాలతోనే స్టేజి ఎక్కాడు. నూజివీడులో పనస చెక్కతో వీణలు చేసే కుటుంబాలు ఉండనే ఉన్నాయి. శ్రుతి తప్పితే వెంటనే పట్టుకునే చెవులు ఈ మామిడి తోటల్లో తరతరాలుగా ఉన్నాయనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

పద్య నాటకానికి ఆ చెవే కావాలి. సినిమా పాట బంగినపల్లి, ముక్కలు కోసి పళ్లెంలో పెడతారు. పద్యం చిన్నరసం. మెత్తగా పిసికి, ముచ్చిక తీసి, ఓపిగ్గా పీల్చుకోవాలి. రాగం ఎత్తుకున్నవాడు ఎక్కడ దిగుతాడో వాడికీ తెలియదు, హార్మోనిస్టుకూ తెలియదు. జనం ‘వన్స్‌మోర్’ అంటే, యుద్ధంలో చచ్చిపడ్డ వీరుడైనా లేచి పద్యం మళ్లీ పాడి మళ్లీ చావాల్సిందే. నవ్వుకోవడానికి చెప్పడం లేదు, ఆ నాటకాల రాజ్యాంగమే అది.

సొరుగు నుంచి సురభి

సురభి వాళ్ల పూర్వీకులు మరాఠీ మాట్లాడే తోలుబొమ్మలాటవాళ్లు. ఊరూరా తిరిగి, తెల్లటి తెర వెనక దీపం పెట్టి, రామాయణ భారతాలు ఆడించేవాళ్లు. 1885లో కడప జిల్లా సొరుగు గ్రామంలో వనారస గోవిందరావు ఆధ్వర్యంలో ‘కీచకవధ’ నాటకం వేశారు. ఊరి పేరే తర్వాత సురభి అయింది, కంపెనీ పేరూ అదే, చివరికి మనుషుల ఇంటిపేర్ల ముందు కూడా అదే వచ్చి కూర్చుంది. తోలుబొమ్మలాటలో ఇంటి ఆడవాళ్లు కూడా బొమ్మ పట్టి పాడేవాళ్లు. బొమ్మ పోయి మనిషి వచ్చాక కూడా వాళ్లు పక్కకు తప్పుకోలేదు, నాటకంలో ఆడవేషాలు తామే కట్టారు. ఇది చిన్న సంగతిగా కనిపిస్తుంది గానీ, ఆ కాలం తెలుగు నాటకంలో ద్రౌపది నుంచి దాసీ దాకా మీసాలు గీయించుకున్న మగవాళ్లే. స్థానం నరసింహారావు సత్యభామను చూసి ఆడవాళ్లే చీర కట్టు నేర్చుకున్నారని చెప్పుకునేవాళ్లు. 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. గొప్ప నటుడు, అందులో రెండో మాట లేదు. అయినా తల్లి వేషం తల్లి, పిల్లవాడి వేషం ఆమె కన్న పిల్లవాడు వేస్తే చూసేవాళ్ల గుండె ఎలా అయిపోతుందో సురభి డేరాల్లోనే తెలిసింది.

సురభి కమలాబాయి పుట్టుక గురించి ఆ కుటుంబాల్లో ఒక కథ చెప్పుకుంటారు. నిండు నెలల తల్లి నాటకం ఆడుతుండగా స్టేజి మీదే నొప్పులు వచ్చాయట. చూసేవాళ్లు అది కూడా నటనే అనుకున్నారట. తెర దించారు, బిడ్డ పుట్టింది, సంగతి తెలిసిన జనం డబ్బులు విసిరారు. ఆ బిడ్డే పెద్దయి, తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతిగా వేసింది. హెచ్.ఎం. రెడ్డి తీసిన ఆ సినిమా 1932లో విడుదలైంది. సురభి వాళ్లు అప్పటికే ఊరూరా ఆడుతున్న నాటకమే దానికి ఆధారం. తెలుగు సినిమా మాట్లాడటం మొదలుపెట్టిందే సురభి గొంతుతో అన్నమాట.

గోవిందరావు సంతానం పెద్దది. పిల్లలకు పెళ్లిళ్లు అవుతున్నకొద్దీ కొత్త కాపురంతోపాటు కొత్త నాటక సమాజం కూడా పుట్టేది. అల్లుడికి పొలం రాసివ్వడానికి బదులు తెరలు, కిరీటాలు, నాటకాల ప్రతులు ఇచ్చి పంపడం! అలా పదుల సంఖ్యలో సమాజాలు తయారయ్యాయి. ఇప్పుడు మిగిలినవి ఒక చేతి వేళ్లకు సరిపోతాయి. వాటిలో బాగా పేరున్నది 1937లో మొదలైన శ్రీ వెంకటేశ్వర నాట్యమండలి. దాన్ని చాలాకాలం నడిపిన రేకందార్ నాగేశ్వరరావును అందరూ బాబ్జీ అనేవాళ్లు. ఆయనకు 2013లో పద్మశ్రీ ఇచ్చారు. 2022లో కన్నుమూశారు. హైదరాబాదు శేరిలింగంపల్లిలో సురభి కాలనీ ఉంది. తిరుగుడు మానిన కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి.

సురభి పిల్లలు ఊహ తెలిసేసరికి స్టేజి మీదే ఉంటారు. చంటిబిడ్డగా బాలకృష్ణుడు, నాలుగు మాటలు వస్తే లోహితాస్యుడు, పద్యం ఎత్తగలిగితే ప్రహ్లాదుడు లేదా లవకుశుల్లో ఒకడు. మీసం వచ్చేసరికి అభిమన్యుడు, పొట్ట వచ్చేసరికి బలరాముడు. ఆడపిల్లలకూ శశిరేఖ నుంచి రేవతి దాకా అలాంటి దారే. వేషం పాతబడదు, వేసేవాళ్లు పెరిగి పక్క వేషంలోకి జరుగుతారు. మనం ఇక్కడ ‘పిల్లల నాటకం’ అని వేరే పెట్టె కట్టి, అందులో అందరూ కీచుగొంతుతో మాట్లాడాలని నియమం పెట్టుకున్నాం. సురభి వాళ్లకు అలాంటి పెట్టె లేదు. ఆడేవాళ్లలో మూడు తరాలు ఉంటే చూసేవాళ్లలోనూ మూడు తరాలు కూర్చుంటాయి.

తీగ, గిలక, గంధకం

తెర పైకి లేస్తుంది. మేఘాల మధ్య నుంచి నారదుడు తంబుర మీటుకుంటూ దిగుతాడు, పద్యం ఒక్క అక్షరం తడబడదు. నడుముకు కట్టిన పట్టీ, దానికి తగిలించిన తీగలు, పైన దూలానికి గిలకలు, పక్క తెర చాటున తాడు పట్టుకున్న ఇద్దరు ముగ్గురు మనుషులు. సరంజామా అంతా ఇంతే. కానీ ఆ తాడు పట్టుకున్నవాళ్లకు నాటకం మొత్తం నోటికొచ్చి ఉండాలి. పద్యంలో ఏ పాదం దగ్గర నారదుడి కాలు నేలకు తగలాలో వాళ్లకు తెలియాలి. వాళ్లలో ఒకడు అంతకుముందు రంగంలో శకుని అయి ఉండొచ్చు, వచ్చే రంగంలో లక్ష్మణకుమారుడి పెళ్లివారిలో ఒకడు కావొచ్చు. కిరీటం తీసి తాడు పట్టుకుంటాడు, తాడు వదిలి కిరీటం పెట్టుకుంటాడు.

యుద్ధంలో బాణాలు ఎదురెదురుగా వచ్చి గాల్లో ఢీకొంటాయి, నిప్పురవ్వలు రాలతాయి. ‘భక్త ప్రహ్లాద’లో స్తంభం పగిలి నరసింహస్వామి బయటికి వస్తాడు. ‘పాతాళభైరవి’లో మాంత్రికుడు చెయ్యి ఎత్తగానే మంట లేస్తుంది, పొగ కమ్ముతుంది. ముందు వరసలో కూర్చుంటే గంధకం వాసన ముక్కుకు తగులుతుంది. దర్బారు, వీధి, ఉద్యానవనం, అడవి, అంతఃపురం, ఇవన్నీ గుడ్డ మీద రంగులతో వేసిన తెరలే. ఒకటి చుట్టుకుంటూ పైకి పోతుంటే వెనక ఇంకొకటి సిద్ధంగా వేలాడుతూ ఉంటుంది. నాటకాలవాళ్ల భాషలో ట్రాన్స్‌ఫర్ సీను అంటే దీపం ఆరి వెలిగేలోపు కుటీరం కోట అయిపోవాలి. తోలుబొమ్మలాట తెర వెనక దీపం జరిపితే రాముడి నీడ పెరిగేది, తరిగేది. ఆ విద్యను ఈ కుటుంబాలు మనుషుల మీదికి, కర్రల మీదికి, గుడ్డల మీదికి మార్చుకున్నాయని నాకు అనిపిస్తుంది.

ఈ రోజుల్లో కొందరు వెనకాల ఎల్‌ఈడీ తెర పెట్టి, కోట బొమ్మ దాని మీద వేసి నాటకం అయిపోయిందనిపిస్తున్నారు. ఖర్చు కలిసొస్తుంది, ఒప్పుకుంటాను. కానీ ఆ తెర వెలుగులో ముందు నిలబడ్డ మనిషి ముఖం నల్లబడిపోతుంది, చూసేవాడి కళ్లు బొమ్మ మీదికే పోతాయి. ఆ మాత్రానికి ఇంట్లో టీవీ చాలు.

మొజార్టూ, హార్మోనియమూ

‘ఒపేరా’ అనగానే మనవాళ్లు కొంచెం జంకుతారు. వెల్వెట్ కుర్చీలు, అర్థం కాని భాష, దగ్గితే ఉరిమి చూసే పెద్దమనుషులు. మొజార్టు రాసిన ‘మాయా మురళి’ పుట్టినప్పటి సంగతి వింటే ఆ జంకు పోతుంది. 1791 సెప్టెంబరు 30న వియన్నా ఊరి బయట పేటలో, షికానేడర్ అనే నాటకాల కంపెనీ యజమాని హాలులో అది మొదటిసారి ఆడింది. కథా మాటలూ రాసింది షికానేడరే, పక్షులు పట్టే విదూషకుడి వేషం వేసిందీ ఆయనే. రాక్షసపాము, మంత్రపు మురళి, అర్ధరాత్రి దిగే రాణి, గాల్లో తేలే యంత్రం మీద వచ్చే ముగ్గురు పిల్లలు. మధ్యమధ్య పాట ఆపి మామూలు మాటలతో కథ నడిపిస్తారు. చూడవచ్చినవాళ్లలో పేట జనమే ఎక్కువ. ఆ హాలులోకి మన హార్మోనిస్టును తీసుకుపోయి కూర్చోబెడితే పావుగంటలో శ్రుతి కలిపేసేవాడు. రెండు నెలల తర్వాత మొజార్టు చనిపోయాడు. ఆ నాటకం మాత్రం రాజాస్థానాల ఒపేరా హాళ్లలోకి పాకింది, ఇవాళ్టికీ యూరపులో పిల్లల్ని మొదటిసారి ఒపేరాకు తీసుకెళ్లేవాళ్లు చాలామంది దానికే తీసుకెళతారు.

అంటే మాయలూ మంత్రాలూ ఉన్న సంగీత నాటకం అన్నిచోట్లా ఊరి బయట డేరాలోనో, పేట హాలులోనో మొదలైంది. అక్కడ దాన్ని రాజ్యాలూ పురపాలక సంఘాలూ దత్తత తీసుకుని, జీతాలిచ్చి, హాళ్లు కట్టించి నిలబెట్టాయి. ఇక్కడ ఒక కుటుంబం, ఆ కుటుంబపు అల్లుళ్లూ కోడళ్లూ నిలబెట్టారు. బి.వి. కారంత్ అంతటి దర్శకుడు 1990ల్లో సురభి వాళ్ల దగ్గరికి వచ్చి ‘భీష్మ’, ‘చండీప్రియ’, ‘బస్తీ దేవత యాదమ్మ’ చేయించాడు. మూడోది జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ రాసిన నాటకానికి మన వేషం. లడ్డూలు ఎగరేసేవాళ్లు బ్రెహ్ట్ ఆడగలరా అని అనుమానపడ్డవాళ్లు నోరు మూసుకోవాల్సి వచ్చింది. 2013లో ఫ్రాన్సులోని మెస్ నగరంలో నాటకోత్సవానికి పిలిస్తే తెరలూ తీగలూ మూటకట్టుకుని వెళ్లి ఆడి వచ్చారు. తెలుగు ఒక్క ముక్క రాని పిల్లలకు ఘటోత్కచుడి ఆకలి ఏం అనువాదం కావాలి?

ఒక్క రాత్రి నాటకం నష్టం

మెస్ దాకా వెళ్లినవాళ్లు జంక్షన్‌లో నెల్లాళ్లు మకాం వేయలేకపోవడం వింతగా ఉంటుంది గానీ, లెక్క చూస్తే అర్థమవుతుంది. ఇప్పుడు సురభి నాటకం ఎక్కువగా జరిగేది ఏదో ఉత్సవంలో, ఏదో ప్రభుత్వ కార్యక్రమంలో, నగరం హాలులో, ఒక్క రాత్రికి. పిలిచినవాళ్లు ‘మాయాబజార్’ అడుగుతారు. లేదంటే ‘పాతాళభైరవి’. మూడో నాటకం పేరు చాలామందికి గుర్తు రాదు. ఒక్క రాత్రి ప్రదర్శనకు కూడా లారీల నిండా సామాను రావాలి, దూలాలు కట్టాలి, తీగలు బిగించి బరువు చూసుకోవాలి, తెల్లారేసరికి అంతా విప్పాలి. పిల్లాజెల్లాతో కలిపి యాభై మందికి పైగా ఉండే కంపెనీకి ఈ కట్టడం, విప్పడంలోనే సగం ప్రాణం పోతుంది. పైగా ‘బాలనాగమ్మ’, ‘సతీ అనసూయ’, ‘వీరబ్రహ్మంగారి చరిత్ర’ ఆడే అవకాశమే రాకపోతే ఆ పద్యాలు తర్వాతి తరం నోటికి ఎక్కవు. ఎక్కని పద్యం తిరిగి రాదు.

పాత మకాం పద్ధతి ఇలా కాదు. ఊరి బయట ఖాళీ స్థలం చూసి డేరా వేస్తే అదే ఇల్లు, అదే హాలు. తీగలు ఒకసారి బిగిస్తే నెల రోజులు బిగిసే ఉంటాయి. రోజుకో నాటకం. నిన్న చూసినవాడు ఇవాళ ఇంకోటి చూస్తాడు, రేపు భార్యను, ఎల్లుండి అత్తగారిని తీసుకొస్తాడు. టికెట్టు తక్కువ పెట్టినా రాబడి నిలకడగా ఉండేది. సినిమా వచ్చాక, ఆ తర్వాత టీవీ వచ్చాక ఈ లెక్క దెబ్బతింది. నిజమే. కానీ ఊరి సినిమా హాళ్లే ఒక్కొక్కటిగా కల్యాణమండపాలైపోతున్న కాలం ఇది. సాయంత్రం పూట పిల్లల్ని తీసుకుని కుటుంబమంతా వెళ్లదగ్గ చోటు చిన్న ఊళ్లలో ఏది? బిర్యానీ హోటలు తప్ప నాకు ఇంకోటి తోచడం లేదు.

జంక్షన్‌కు నాలుగు వైపుల నుంచీ బస్సులున్నాయి, రైలుంది. అటు మల్లవల్లి పారిశ్రామికవాడలో పనిచేసేవాళ్లు, నూజివీడు ట్రిపుల్ ఐటీలో చదివేవాళ్లు, తోటల్లో కాయ కోసేవాళ్లు, గుడివాడ వైపు వరి రైతులు, అందరికీ ఇదే కూడలి. సమయం కూడా దానంతట అదే కుదురుతుంది. ఏప్రిల్ చివర్లో బళ్లకు సెలవులిస్తారు. అప్పటికి బంగినపల్లి కోతకొస్తుంది, వెనకే రసాలు. కోత కూలి చేతిలో పడుతుంది, తోట కౌలుదారు చేతిలోనూ నాలుగు డబ్బులు ఆడతాయి. పగలంతా వడగాడ్పు, రాత్రి ఎనిమిది దాటితే గాలి తిరిగి ఒళ్లు చల్లబడుతుంది. నున్న మార్కెట్‌కు లోడు పంపినవాళ్లకు ఆ వేళ నుంచి తీరికే.

అడ్డంకి ఒకటుంది, దాచడం దేనికి. మే నెల సాయంత్రం ఉన్నట్టుండి లేచే గాలివాన. కాయ మీద ఆశ పెట్టుకున్న రైతు ఏ గాలికి భయపడతాడో, డేరా వేసుకున్న నాటకాలవాడూ ఆ గాలికే భయపడతాడు. గంటసేపు విసిరికొడితే తోటలో నేలంతా కాయే, డేరాలో నేలంతా తెరలే. అందుకని గుడ్డ డేరా మీద నమ్మకం పెట్టుకోకుండా రేకుల షెడ్డు చూసుకోవాలి. కాయ నిలవ చేసే గోడౌన్లు మార్కెట్ యార్డుల్లో ఉంటాయి. ఎత్తు సరిపోయేది ఒకటి ఖాళీగా దొరికినా చాలు, నారదుడికి దిగడానికి ఇరవై అడుగులుంటే ఇబ్బంది లేదు. కరెంటు, మంచినీళ్లు, యాభై మందికి వంట చేసుకునే చోటు, మరుగుదొడ్లు ఊరివాళ్లు చూడాలి. మొదటి వారం టికెట్లు అమ్ముడుపోకపోతే కంపెనీ ఆకలితో ఉండకుండా ముందే కొంత సొమ్ము పోగెయ్యాలి. వినాయక చవితి పందిళ్లకు, తిరునాళ్ల రికార్డింగు డాన్సులకు చందాలెత్తే చేతులకు ఇది కొత్త పని కాదు.

నాటకాల వరస మాత్రం నన్ను అడిగితే ఇలా పెడతాను. మొదటి రెండు రాత్రులు ‘మాయాబజార్’, అది జనాన్ని లాగుతుంది. మూడో రోజు ‘శ్రీకృష్ణ లీలలు’, చంటిపిల్లల తల్లులు వస్తారు. శనివారం ‘భక్త ప్రహ్లాద’, స్తంభం పగిలే రంగం తొమ్మిదిలోపు వచ్చేట్టు, పిల్లలు నిద్రపోకముందే. ‘లవకుశ’ ఆదివారం. ‘బాలనాగమ్మ’ను రెండో వారానికి జరపాలి. మాయల ఫకీరు ఆమెను కుక్కగా మార్చి ఈడ్చుకుపోయే చోట ఐదేళ్లలోపు పిల్లలు జడుసుకుంటారు. అయినా రావాలి, ఫకీరు ప్రాణం చిలకలో ఉందని తెలిసిన క్షణం ఆ పిల్లల ముఖాలు చూడటానికైనా రావాలి. ‘వీరబ్రహ్మంగారి చరిత్ర’ పెద్దవాళ్ల కోసం ఒక పనిరోజు. ‘చండీప్రియ’ ట్రిపుల్ ఐటీ పిల్లల కోసం, టికెట్టు సగం ధరకు. ‘పాతాళభైరవి’ని చివరి మూడు రాత్రులకు దాచుకోవాలి. నూజివీడువాళ్లు ఆ వేషాన్ని ఊరికే వదలరు, మాంత్రికుడు వేసేవాడు రంగారావు ఊరి పొలిమేరలో నిలబడుతున్నానని ముందే తెలుసుకుని రావడం మంచిది.